ఉద్యోగం వదలకుండా ఎంబీఏ

ప్రశ్న: మాది రేపల్లె. తెనాలిలో ప్రైవేటు బ్యాంకులో పనిచేస్తున్నాను. బాపట్లలో ఒక సెంటరువాళ్లు పొరుగు రాష్ట్ర యూనివర్సిటీ దూరవిద్య ఎంబీఏ చేయిస్తామంటున్నారు. చేరవచ్చా?

జవాబు: చేరకండమ్మా. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు తమ పరిధి దాటి దూరవిద్య కేంద్రాలు నడపకూడదు, ఫ్రాంచైజీలకు అప్పగించకూడదు. ఇది యూజీసీ నిబంధన. ఫీజు కట్టాక తెలిస్తే మీ కష్టార్జితం పోతుంది. ఏ కోర్సుకైనా ఈ విద్యాసంవత్సరం అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్య బ్యూరో వెబ్‌సైటులో మీరే చూసుకోండి. అనుమతి ఉన్న దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు రెగ్యులర్‌తో సమానమని 2022లో యూజీసీ స్పష్టంచేసింది.

నన్నడిగితే మీకు ఇగ్నో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) దూరవిద్య ఎంబీఏ నప్పుతుంది. రెండేళ్ల కోర్సుకు నాలుగేళ్ల గడువుంది. పరీక్షలు జూన్, డిసెంబరుల్లో కాబట్టి బ్యాంకులో మార్చి నెలాఖరు ఒత్తిడి అడ్డురాదు. రేపల్లె నుంచి తెనాలికి రోజూ రైల్లో వెళ్లివస్తుంటే ఆ సమయం చదువుకు పనికొస్తుంది. ప్రమోషనుకు ఈ డిగ్రీని లెక్కలోకి తీసుకుంటారేమో మీ హెచ్.ఆర్.ను ముందే అడగండి.