రంగు కాదు, తోక చూడండి

అండమాన్‌కి టికెట్లు తీసేశారు. ఫెర్రీ సీట్లు దొరికాయి. స్నార్కెలింగ్‌కి డబ్బు కట్టేశారు. ఇంకొక్క పని మిగిలింది: ఒక పుస్తకం కొనడం. సముద్రంలో కనిపించే ప్రాణిని బొమ్మ చూసి గుర్తుపట్టే ఫీల్డ్ గైడ్.

అది లేకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. మాస్కు పెట్టుకుని నీళ్లలో ముఖం ముంచిన మొదటి ఐదు నిమిషాలు ఒళ్లు పులకరిస్తుంది. పావుగంట గడిచేసరికి అన్నీ ‘రంగురంగుల చేపలు’ అయిపోతాయి. ఇంటికొచ్చాక ఏం చూశావని అమ్మ అడిగితే, అదే మాట చెబుతాం. అంత దూరం వెళ్లి తెచ్చుకునేది ఆ ఒక్క మాటేనా?

హేవ్‌లాక్ దీవిలో, ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్నారు, ఎలిఫెంట్ బీచ్ దగ్గర నా మొదటి స్నార్కెలింగ్. మా బోటు సరంగు తెలుగాయన. తాతల కాలంలో శ్రీకాకుళం తీరం నుంచి పోర్ట్ బ్లెయిర్ వచ్చి స్థిరపడ్డ కుటుంబం. నేను పైకి రాగానే అడిగాడు.

“ఏటి సూసినారు బాబూ?”

“నలుపు, తెలుపు, పసుపు పట్టీల చేప. వీపు మీద పొడుగ్గా ఒక రెక్క, జెండాలాగా.”

“తోక పసుపా, నలుపా?”

నా దగ్గర జవాబు లేదు. పది నిమిషాలు దాని వెంటే ఈదాను. తోక చూడలేదు.

“రంగులు అందరూ సూస్తారు బాబూ. తోక సూడాల,” అన్నాడాయన, తాడు చుట్టుకుంటూ.

ఆ ప్రశ్న విలువ తర్వాత తెలిసింది. ఆ వర్ణనకి సరిపోయే చేపలు అక్కడ రెండు రకాలున్నాయి. తోక నల్లగా ఉంటే అది మూరిష్ ఐడల్. ‘ఫైండింగ్ నీమో’ సినిమాలో గిల్ అనే పెద్దమనిషి ఈ జాతి చేపే. తోక పసుపైతే అది బ్యానర్‌ఫిష్. పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉంటాయి కానీ కుటుంబాలే వేరు. బ్యానర్‌ఫిష్ సీతాకోకచిలుక చేపల కుటుంబంలోది. మూరిష్ ఐడల్ తన కుటుంబంలో తానొక్కటే, సర్జన్‌ఫిష్‌లకి దగ్గరి చుట్టం.

మీరు కొనబోయే పుస్తకానికి ఇదే పరీక్ష పెట్టండి. మూరిష్ ఐడల్ పేజీ తీయండి. బ్యానర్‌ఫిష్‌తో పొరపడే అవకాశం ఉందనీ, తేడా ఎక్కడ చూడాలో కూడా ఆ పుస్తకం చెబుతోందా? చెబితే అది చూసేవాళ్ల కోసం రాసిన పుస్తకం. అందమైన ఫొటో, పక్కన పేరు, పొడవు ఇన్ని సెంటీమీటర్లు అని మాత్రమే ఉంటే, అది బల్ల మీద పెట్టుకోవడానికి బావుంటుంది. ప్రయాణానికి వద్దు.

చాలామంది చేసే పొరపాటు లావుపాటి పుస్తకం కొనడం. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదివే పిల్లల గదుల్లో చూడండి, ఒక్కో సబ్జెక్టుకి నాలుగేసి పుస్తకాలుంటాయి. కొన్న రోజున ధైర్యం వస్తుంది. నెల తర్వాత నాలుగింట్లోనూ మొదటి రెండు అధ్యాయాలే నలిగి ఉంటాయి. ఎంపిక చేసుకునేటప్పుడు మన ఆశని కొలుచుకుంటాం, మన అలవాటుని కొలుచుకోం. ఫీల్డ్ గైడ్ దగ్గర కూడా ముందు నిజాయితీగా వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: నీళ్లలో నేను దేన్ని ఎలా చూస్తాను?

కొత్తవాళ్లం ఆకారం చూస్తాం. ‘పళ్లెంలా గుండ్రంగా ఉంది’, ‘వెండిలా మెరిసింది’, ‘పాములా ఉంది’, ‘అడుగున పడుకుని ఉంది’. మనకి ఏ చేప ఏ కుటుంబమో తెలీదు. కాబట్టి కుటుంబాల వరసలో పేర్చిన పుస్తకం మొదటిసారికి కష్టం. 2003లో వచ్చిన ‘రీఫ్ ఫిష్ ఐడెంటిఫికేషన్: ట్రాపికల్ పసిఫిక్’ని జెరాల్డ్ అలెన్, రోజర్ స్టీన్, పాల్ హ్యూమన్, నెడ్ డెలోచ్ కలిసి చేశారు. అందులో చేపల్ని పైకి కనిపించే తీరుని బట్టి గుంపులు చేశారు. కంటికి ఏది తట్టిందో ఆ గుంపు తీస్తే చాలు, వెతుకులాట సగం తగ్గిపోతుంది. లీస్కీ, మయర్స్ రాసిన ‘కోరల్ రీఫ్ ఫిషెస్’ మరో పద్ధతి. అందులో ఫొటోలు లేవు, చేత్తో వేసిన బొమ్మలు. ఒకే పేజీలో దగ్గరి చుట్టాలన్నీ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి పోల్చడం సులువు. నన్నడిగితే మొదటి ప్రయాణానికి మొదటి పద్ధతి, రెండో ప్రయాణానికి రెండో పద్ధతి.

అట్ట మీద సముద్రం పేరు చదవకుండా మాత్రం కొనకండి. ఆన్‌లైన్‌లో చౌకగా దొరికిందని కరీబియన్ గైడ్ తెచ్చుకున్నారనుకోండి, నీమో చేప కూడా అందులో దొరకదు. నీమో లాంటి క్లౌన్‌ఫిష్‌లు అట్లాంటిక్ మహాసముద్రంలో సహజంగా లేవు. అండమాన్‌కైనా, లక్షద్వీప్‌కైనా ‘హిందూ మహాసముద్రం’ లేదా ‘ఇండో-పసిఫిక్’ అని ఉన్నదే కావాలి.

మరో సంగతి, నాకు చాలా ఇష్టమైనది. ఎంపరర్ ఏంజెల్‌ఫిష్ పిల్లగా ఉన్నప్పుడు ముదురు నీలం మీద తెల్లటి వలయాలతో ఉంటుంది, నీళ్లలో రాయి వేస్తే లేచే అలల్లాగా. పెద్దదయ్యేసరికి ఆ వలయాలన్నీ పోయి, ఒంటి నిండా పసుపు గీతలొస్తాయి. పండితులే వీటిని రెండు వేర్వేరు చేపలనుకున్నారు. 1801లో పిల్ల చేపకి నికోబార్ దీవుల పేరు కలిపి వేరే శాస్త్రీయనామం పెట్టారు కూడా. చిలుక చేపల్లోనూ అంతే. చాలా రకాల్లో ఒక దశలో మట్టిరంగు, మరో దశలో ఆకుపచ్చ, నీలం, గులాబీ. అందుకే మంచి గైడ్ ఒక్కో చేపకి ఒక్క ఫొటోతో సరిపెట్టదు. పిల్లని, పెద్దని, ఆడని, మగని విడివిడిగా చూపిస్తుంది. పేజీలు తిప్పేటప్పుడు ఇది గమనించండి.

ఫొటోల దగ్గర ఇంకో జాగ్రత్త. అవి ఎక్కువగా ఫ్లాష్ వేసి, పక్క నుంచి తీసినవి. మీరు చూసేది పై నుంచి. నీళ్లు ముందుగా మింగేసేది ఎరుపు రంగునే. నాలుగైదు మీటర్ల కింద ఎర్ర చేప కాస్త బూడిదరంగులో కనిపిస్తుంది. పళ్లెంలాంటి చేప పై నుంచి సన్నని గీతలా ఉంటుంది. కాళ్లు కొట్టడం ఆపి తేలుతూ ఉండండి. అది పక్కకి తిరుగుతుంది. అప్పుడు తోక, మూతి, కంటి మీద గీత, ఈ మూడూ చూసుకోండి.

ప్రమాదకరమైన ప్రాణులకి ప్రత్యేకమైన గుర్తు ఉందో లేదో చూడటం మర్చిపోవద్దు. లయన్‌ఫిష్, రాయిలా పడి ఉండే స్టోన్‌ఫిష్, విషపు ముల్లు విసిరే కోన్ గవ్వ. గవ్వ అందంగా ఉందని చేతిలోకి తీసుకునే అలవాటు మన తీరాల్లో అందరిదీ. అక్కడ వద్దు. పగడాలైతే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత ప్రాణులు, ముక్క తెచ్చుకున్నా నేరమే. పైగా 2010లో నీళ్లు వేడెక్కి అండమాన్ పగడాలు పెద్దఎత్తున తెల్లబారిపోయాయి. కాలు మోపకుండా చూడటం మన వంతు.

పుస్తకం గదిలోనే ఉంచండి. నీళ్లలోకి తడవని ప్లాస్టిక్ కార్డు చాలు, ఇరవై ముప్పై చేపలు ఉన్నది. ఫోన్‌ని కవర్లో పెట్టి నీళ్లలోకి తీసుకెళ్లినా టచ్ సరిగ్గా పనిచేయదు.

పేర్లు ఇంగ్లిష్‌లో ఉన్నాయని బెంగపడకండి. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు విశాఖపట్నంలో ఉన్న కాలంలో రెండు వందల చేపలకి బొమ్మలు వేయించి, మన జాలర్లు పిలిచే పేర్లతో రాసుకున్నాడు. 1803లో లండన్‌లో అచ్చయిందా పుస్తకం. దాన్ని ఆధారం చేసుకుని ఫ్రెంచి శాస్త్రవేత్త కువియే, మనం పులుసు పెట్టుకునే కానాగంతకి ‘కానగుర్త’ అనే మాటతోనే శాస్త్రీయనామం ఇచ్చాడు. ఈ రోజుకీ ప్రపంచమంతా ఆ చేపని రాస్ట్రెలిగర్ కానగుర్త అంటోంది. కాబట్టి మీ గైడ్ అంచుల్లో మీ తెలుగు పేర్లు ధైర్యంగా రాసుకోండి. సరంగుని అడిగి ఆయన పేర్లూ రాసుకోండి.

ప్రయాణానికి నెల ముందే కొని, రోజూ పది నిమిషాలు ఇలా చేయండి. అండమాన్ పగడాల వీడియో పెట్టి ఒక్క చేప దగ్గర ఆపండి. రెండు నిమిషాల్లో పుస్తకంలో పట్టుకోండి. దొరక్కపోతే రేపు మళ్లీ. నెల తిరిగేసరికి ఒక పది చేపలు మీవవుతాయి. పది చాలు. తెలిసినవి పది ఉంటే, తెలియని పదకొండోది వెంటనే కంట పడుతుంది.

నా పుస్తకం చివర ఖాళీ పేజీలో రెండో ప్రయాణం నాటి మొదటి వరస ఇలా ఉంది: ఎలిఫెంట్ బీచ్, ఉదయం ఎనిమిదిన్నర. నలుపు తెలుపు పట్టీలు, జెండాలాంటి రెక్క. రెండు, జంటగా. తోక పసుపు.