వైజాగ్‌లో పీసీ బిల్డ్ చేస్తున్నారా? కేబినెట్ కొనే ముందు మన గాలి సంగతి తెలుసుకోండి

పీసీ బిల్డ్ అనగానే అందరి దృష్టి ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డ్ మీదే ఉంటుంది. కేబినెట్ దగ్గరికి వచ్చేసరికి మిగిలిన బడ్జెట్‌లో లైట్లు బాగా వెలిగేది తీసుకుంటాం. మిగతా ఊళ్లలో ఇది ఎలాగోలా నడిచిపోవచ్చు. వైజాగ్‌లో మాత్రం ఒక పక్క సముద్రం, ఇంకో పక్క పోర్టు, స్టీల్ ప్లాంట్. ఇక్కడ కేబినెట్ ఎంపిక తప్పితే దాని ఖర్చు గ్రాఫిక్స్ కార్డ్ మీద పడుతుంది. ఏం చూసి కొనాలో ఒక్కొక్కటిగా తెలుసుకుందాం.

కేబినెట్ అసలు ఏం చేస్తుంది?

కేబినెట్ దేన్నీ చల్లబరచదు. లోపలి వేడి గాలిని బయటకు పంపి, గది గాలిని లోపలికి తెస్తుంది, అంతే. కాబట్టి గది 33 డిగ్రీలు ఉంటే లోపల అంతకంటే తగ్గదు. ఎంత పెరుగుతుందనేది మాత్రం గాలి ప్రవాహం మీద ఆధారపడి ఉంటుంది.

ఒక చిన్న లెక్క చూడండి. గేమ్ ఆడేటప్పుడు మీ పీసీ 400 వాట్ల వేడి పుట్టిస్తోంది అనుకుందాం.

• 60 సీఎఫ్‌ఎం గాలి (అంటే నిమిషానికి 60 ఘనపుటడుగులు) వెళ్తే బయటకొచ్చే గాలి సుమారు 12 డిగ్రీలు వేడెక్కుతుంది.
• 120 సీఎఫ్‌ఎం అయితే సుమారు 6 డిగ్రీలు.
• 180 సీఎఫ్‌ఎం అయితే సుమారు 4 డిగ్రీలు.

మొదటి 60 పెంచితే 6 డిగ్రీలు తగ్గింది. ఆ తర్వాత మరో 60 పెంచినా తగ్గింది రెండే. అంటే ఒక స్థాయి దాటాక ఫ్యాన్లు పెంచుకుంటూ పోతే చప్పుడు తప్ప పెద్దగా లాభం లేదు. ఇదే లెక్క ఇంకో మాట కూడా చెబుతుంది. ఫిల్టర్ పెట్టడం వల్ల గాలి 120 నుంచి 90కి పడిపోయినా మనకు నష్టం 2 డిగ్రీలే. ఈ 2 డిగ్రీలు ఎందుకు వదులుకోవాలో చూద్దాం.

మన గాలిలో ఉన్నది ఏమిటి?

వైజాగ్ పోర్టు 1933 నుంచి నడుస్తోంది. బొగ్గు, ఇనుప ఖనిజం ఇక్కడి ప్రధాన సరుకుల్లో ఉన్నాయి. వన్ టౌన్, జ్ఞానాపురం, మల్కాపురం వైపు ఉండేవాళ్లకు కిటికీ అంచుల మీద పేరుకునే నల్లటి పొడి గురించి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. అదే పొడి హీట్‌సింక్ రెక్కల మధ్య చేరితే, ఎన్ని ఫ్యాన్లు తిరిగినా గాలి వెళ్లే దారి మూసుకుపోతుంది.

రెండోది ఉప్పు. వంటింట్లో డబ్బా మూత తీసి ఉంచితే ఉప్పు చెమ్మగిల్లడం చూసే ఉంటారు. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు నీటిని పీల్చుకుని కరిగిపోతుంది. మన తీరంలో తేమ ఆ స్థాయి దాటడం మామూలే. బోర్డు మీద దుమ్ము పొర ఉండి, అందులో ఉప్పు చేరి చెమ్మ పట్టిందంటే తుప్పు మొదలైనట్టే. గాలిలోని తేమను ఏ కేబినెట్ ఫిల్టరూ ఆపలేదు. కానీ ఆ చెమ్మను పట్టి ఉంచే దుమ్మును చాలావరకు ఆపగలదు.

పాజిటివ్ ప్రెజర్: మనకు కావాల్సింది ఇదే

బయటకు పోయే గాలి కంటే ఫిల్టర్ ద్వారా లోపలికి వచ్చే గాలి కాస్త ఎక్కువగా ఉండాలి. అప్పుడు సందుల్లోంచి గాలి బయటకే పోతుంది. తిరగబడిందంటే వెనక స్లాట్లలోంచి, ప్యానెల్ కీళ్లలోంచి ఫిల్టర్ లేని గాలి దుమ్ముతో సహా లోపలికి వచ్చేస్తుంది.

ఒకే సైజు ఫ్యాన్లయితే ముందు రెండు లేదా మూడు, వెనక ఒకటి సరిపోతుంది. ఫిల్టర్ ముందు ఫ్యాన్ల గాలిని కొంత తగ్గిస్తుంది కాబట్టి సమానంగా పెడితే చాలదు. బయాస్‌లో వెనక ఫ్యాన్ వేగం కొంచెం తగ్గించినా పని జరుగుతుంది.

దీన్ని పరీక్షించడం తేలికే. గది ఫ్యాన్ ఆపి, కేబినెట్ మూతలన్నీ బిగించి, వెనక ఖాళీ స్లాట్ల దగ్గర వెలిగించిన అగరుబత్తి పట్టుకోండి. నిప్పు, బూడిద మెషిన్ మీద పడకుండా కాస్త దూరంగా ఉంచండి. పొగ బయటకు నెట్టుకుపోతే సరిగ్గా ఉన్నట్టు. లోపలికి లాక్కుంటే ఫ్యాన్లు సరిచేసుకోవాలి.

షాపులో ఇవి చూడండి

• ముందు ప్యానెల్: మెష్ ఉండాలి. ముందంతా గాజుతో మూసేసి, పక్కన సన్నటి సందు మాత్రమే వదిలిన మోడల్స్ వద్దు.
• ఫిల్టర్లు: ముందు, పైన, కింద పవర్ సప్లై దగ్గర ఉన్నాయా? స్క్రూలు విప్పకుండా చేత్తో లాగితే వస్తున్నాయా? తీయడం కష్టమైతే ఎవరూ కడగరు.
• రేకు: స్పెసిఫికేషన్‌లో ఎస్‌ఈసీసీ అని ఉంటే జింకు పూత ఉన్న స్టీల్ అని అర్థం. అయినా కోసిన అంచుల్లో, స్క్రూ రంధ్రాల దగ్గర పెయింట్ లేచిందేమో చూడండి. తుప్పు అక్కడే మొదలవుతుంది.
• ఖాళీ: గ్రాఫిక్స్ కార్డ్ పొడవు, కూలర్ ఎత్తు ముందే రాసుకుని వెళ్లండి.

ఉదాహరణకు కోర్సెయిర్ 4000డీ ఎయిర్‌ఫ్లోలో రెండు 120 ఎంఎం ఫ్యాన్లు వస్తాయి. లియాన్ లీ లాన్‌కూల్ 216లో ముందు రెండు 160 ఎంఎం, వెనక ఒక 140 ఎంఎం ఫ్యాన్ ఉంటాయి. రెండింటికీ ముందు మెష్ ఉంది. చేప తొట్టెలా కనిపించే లియాన్ లీ ఓ11 డైనమిక్ తరహావి అందంగానే ఉంటాయి. కానీ ఓ11 డైనమిక్‌తో ఫ్యాన్లు రావు, ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

ఏ ఏరియాకు ఏది?

పోర్టు, గాజువాక వైపు ఉంటే సన్నటి ఫిల్టర్ మెష్‌కే ఓటు. పైన ఫ్యాన్లు పెట్టకుండా, ఆ భాగాన్ని ఫిల్టర్‌తో మూసి ఉంచండి. బీచ్ రోడ్, లాసన్స్ బే, రుషికొండ వైపు అయితే రేకు పూతకు మొదటి ప్రాధాన్యం. పీసీని సముద్రం వైపు కిటికీ కింద పెట్టకండి. వాడినా వాడకపోయినా రెండు మూడు రోజులకోసారి ఆన్ చేయండి. లోపలి వెచ్చదనం చెమ్మను తగ్గిస్తుంది.

కొన్నాక చేయాల్సింది

ఫిల్టర్లను నెలకోసారి, పోర్టు దగ్గరైతే రెండు వారాలకోసారి కడగండి. పూర్తిగా ఆరాకే తిరిగి పెట్టండి. లోపల బ్లోయర్ కొట్టేటప్పుడు పీసీ ఆఫ్ చేసి, ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోండి. పీసీని నేల మీద కాకుండా ఒక చిన్న స్టాండ్ మీద పెడితే కింది ఫిల్టర్ అంత త్వరగా నిండదు.

బడ్జెట్ తక్కువగా ఉంటే లైట్లు తగ్గించుకోండి, ఫిల్టర్లు మాత్రం తగ్గించకండి.