మంచం దిగనివ్వండి

సమస్య:
అమ్మా, మా ఆయనకు 42 ఏళ్లు. గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసే ముఠా పని. సంక్రాంతి దాటాక ఓ రోజు మిర్చి టిక్కీ (బస్తా) భుజానికెత్తుకుని పక్కకు తిరగబోయి అక్కడే కూలబడ్డాడు. ఎడమ పిర్ర నుంచి కాలి బొటనవేలి దాకా కరెంటు పాకినట్టు లాగుతోందంటాడు. ఎమ్మారై తీసి, ఎల్4-ఎల్5 దగ్గర డిస్కు జారి నరాన్ని నొక్కుతోందన్నారు. ఒక డాక్టరు ఆపరేషనన్నారు, ఇంకొకాయన ఆగి చూద్దామన్నారు. వెన్నుకు కత్తి పెడితే కాళ్లు పడిపోతాయని, నరాలు సర్దే ఆయన దగ్గరికి పోదామని మా అత్తగారు. నెలన్నరగా మంచం మీదే. నొప్పి కాస్త నెమ్మదించినా కాలు కింద పెట్టాలంటే భయం. మూత్రానికి కూడా నా భుజం పట్టుకునే వెళ్తాడు. ఆపరేషన్ లేకుండా మనిషి కోలుకుంటాడా?
– ఓ సోదరి, గుంటూరు

సలహా:
చాలామంది కోలుకుంటారమ్మా. ముందు ఒక్కటి చేయండి. మూత్రం ధారాళంగా వస్తోందా అని ఆయన్ని ఇవాళే అడగండి. మగవాళ్లు సిగ్గుపడి చెప్పరు. మూత్రం బిగిసినా, తెలియకుండా పోయినా, తొడల మధ్య మొద్దుబారినా, పాదం పైకి లేవక ఈడుస్తున్నా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. అప్పుడు ఆపరేషన్ వాయిదా వేయకూడదు.

అవేవీ లేకపోతే ఆగవచ్చు. డిస్కులోంచి జారి బయటికొచ్చిన గుజ్జును చాలామందిలో ఒంట్లోని రక్షక కణాలే మెల్లగా కరిగించేస్తాయి. 2007లో నెదర్లాండ్స్ వైద్యులు ప్రచురించిన అధ్యయనంలో వెంటనే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు నొప్పి త్వరగా తగ్గింది. ఏడాది తిరిగేసరికి ఆగి చూసినవాళ్లూ ఇంచుమించు అంతే బాగున్నారు. అయితే ఆగినవాళ్లలోనూ 100కి 39 మంది చివరికి ఆపరేషన్‌కే వెళ్లారు. అందుకని మీ అత్తగారిలా కత్తికి భయపడకండి. నరాలు సర్దేవాళ్ల దగ్గరికి మాత్రం వద్దు.

నన్ను కలవరపెట్టింది ఆ నెలన్నర మంచం. ఒకటి రెండు రోజులకు మించి పడుకుంటే నడుమును మోసే కండలే నీరసిస్తాయి. వాకిట్లో ఐదు నిమిషాలతో మొదలుపెట్టి రోజుకు మూడు నాలుగుసార్లు నడిపించండి. నడుములో నొప్పి కాస్త పెరిగినా ఫర్వాలేదు, కాలి నొప్పి వేలి నుంచి పిక్కకి, పిక్క నుంచి తొడకి పైకి జరుగుతుంటే అది మంచి కబురు. కిందికి పాకిందా, అప్పుడు చేస్తున్న పని ఆపించండి. పొద్దున లేచిన మొదటి గంట ముందుకు వంగనివ్వకండి. రాత్రంతా డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి, వంగితే ఒత్తిడంతా వాటి మీదే పడుతుంది. చెంబూ చెప్పులూ ఎత్తుమీద పెట్టండి. పక్కకి ఒత్తిగిల్లి, మోచేతి ఊతతో లేవాలి. వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు చూసి చెప్పినవే చేయాలి.

ఇక టిక్కీ. ఒక్కోటి నలభై కిలోల పైమాటే కదా! నొప్పి పోయిందని మర్నాడే భుజానికెత్తితే మళ్లీ మొదటికొస్తుంది. డాక్టరు సరేననేదాకా కొన్ని నెలలు కాటా దగ్గర తూకాలు రాసే పని ఏదైనా ఇమ్మని ముఠా మేస్త్రీని అడగండి. కూలి తగ్గుతుంది, మీకెంత కష్టమో తెలుసు. అయినా ఆయన నడుము నయమయ్యే దాకా ఆ బరువు ఎత్తనివ్వకండి.