మ్రింగుడుపడని శత్రువు



'పరాన్నజీవి' అనే మాటను విడదీసి చూడండి: పర, అన్న, జీవి. ఇతరుల అన్నంతో బ్రతికేది అని అర్థం. కొంకిపురుగు అటువంటిదే. సుమారు ఒక సెంటీమీటరు పొడవుండే ఈ పురుగు మనిషి చిన్నప్రేగు గోడను కరచిపట్టుకొని రక్తం త్రాగుతుంది. పూర్వం మలయా రబ్బరు తోటలలో చెప్పులు లేకుండా పనిచేసిన మన పెద్దలలో ఎందరినో ఇది పీడించింది. ఒంట్లో రక్తం తగ్గి, నాలుగడుగులు వేస్తే ఆయాసపడే మనిషిని చూసి సోమరి అనుకున్నవారు కూడా ఉండే ఉంటారు. అది సోమరితనం కాదు, రక్తహీనత.

దీని పిల్లపురుగును లార్వా అంటారు. అది తడిమట్టిలో ఉండి, పాదాల చర్మాన్ని తొలుచుకొని రక్తంలో ప్రవేశిస్తుంది. ఊపిరితిత్తులను చేరి, అక్కడినుండి గొంతులోకి ప్రాకి, మనం గుటక వేసినప్పుడు కడుపులోకి దిగి, చివరకు ప్రేగులో స్థిరపడుతుంది. ఇంత ప్రయాణం జరుగుతూ ఉంటే మన తెల్లరక్తకణాలు చూస్తూ ఊరుకుంటాయా?

బాక్టీరియా వంటి సూక్ష్మజీవి ప్రవేశిస్తే న్యూట్రోఫిల్ అనే తెల్లకణం దానిని చుట్టుముట్టి మ్రింగివేస్తుంది. తెల్లకణాలలో సగానికి పైగా ఇవే. కాని ఒక తెల్లకణం వెడల్పు సెంటీమీటరులో దాదాపు వెయ్యవ వంతు మాత్రమే. లార్వా సైతం దానికంటె ఎన్నో రెట్లు పెద్దది. దానిని మ్రింగడం ఎలా? పామును చలిచీమలు పట్టిన విధం మీకు తెలియనిది కాదు. ఇక్కడ జరిగేదీ అదే.

ఆ చలిచీమల పేరు ఇసినోఫిల్స్. ఇయోసిన్ అనే ఎర్రని రంగును ఇవి చక్కగా పీల్చుకుంటాయి కనుక 1879లో జర్మన్ శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిక్ వీటిని గుర్తించి ఆ పేరు పెట్టాడు. సూక్ష్మదర్శినిలో చూస్తే కణం నిండా కుంకుమ చల్లినట్లు ఎర్రని రేణువులు కనిపిస్తాయి. ఆ రేణువులే దాని ఆయుధాలు.

పురుగు ప్రవేశించిన వార్త తెలియగానే టి కణాలనే తెల్లకణాలు ఇంటర్‌ల్యూకిన్-5 అనే రసాయనాన్ని విడుదల చేస్తాయి. ఎముకలలోని మూలుగ ఆ సందేశం అందుకొని ఇసినోఫిల్స్‌ను అధికంగా తయారు చేస్తుంది. ఈలోగా బి కణాల సంతతి తయారుచేసిన ప్రతిరక్షకాలు పురుగు ఒంటికి అంటుకొని గుర్తులుగా నిలుస్తాయి. ఆ గుర్తులను పట్టుకొని ఇసినోఫిల్స్ గుంపుగా పురుగుకు అతుక్కొని, తమ రేణువులలోని విషప్రాయమైన ప్రొటీనులను దాని చర్మంపై క్రుమ్మరిస్తాయి. మ్రింగడం లేదు, ముంచివేయడమే! ప్రయోగశాలలో గాజుపాత్రలో కొన్ని రకాల లార్వాలు ఈ విధంగా చనిపోవడం శాస్త్రజ్ఞులు కళ్లారా చూశారు. మన శరీరంలో వీటికి ఎంత విజయం దక్కుతున్నదన్న విషయంలో మాత్రం వారిలో వాదన నడుస్తూనే ఉంది.

ఈ యుద్ధానికి వెల కూడా ఉంది. ఆ ప్రొటీనులకు తన పర భేదం లేదు. మన కణజాలాన్నీ గాయపరుస్తాయి. లార్వాలు ఊపిరితిత్తులలో ఉన్నప్పుడు కొందరికి దగ్గు రావడానికి ఇదొక కారణం. పైగా ప్రేగును చేరి పెద్దదైన పురుగు మన కణాల దాడికి తట్టుకొని ఏళ్ల తరబడి బ్రతుకగలదు. అప్పుడు ఆల్బెండజోల్ వంటి మందు అవసరమవుతుంది.

పరాన్నజీవులన్నింటికీ ఇసినోఫిల్స్ ఇలా పెరగవు. మలేరియా కలిగించేది ఏకకణజీవి. అది ఎర్రకణంలోనే దాగుతుంది. దానిని పట్టే పని ముఖ్యంగా ప్లీహంలోని మాక్రోఫేజ్ అనే కణాలది. రోగం సోకిన ఎర్రకణాన్ని అవి మొత్తంగా మ్రింగివేస్తాయి.

ఇంట్లో ఎవరిదైనా రక్తపరీక్ష కాగితం ఉంటే పెద్దల అనుమతితో చూడండి. అందులో ఇసినోఫిల్స్ అనే వరుస ఉంటుంది. ఆరోగ్యవంతుని రక్తంలో ఘన మిల్లీమీటరుకు ఇవి సాధారణంగా 500కు మించవు. ఉబ్బసం, ఎలర్జీ ఉన్నవారిలో కూడా పెరుగుతాయి కనుక ఆ అంకె ఒక్కటే చూసి పురుగులున్నాయని వైద్యుడు తేల్చడు; మలపరీక్ష చేయించి, పురుగు గ్రుడ్లు కనిపిస్తాయేమో చూస్తాడు.