ఫోన్‌తో షార్ట్ ఫిల్మ్: షాట్లు అతకాలంటే షూటింగ్ రోజే చూసుకోవాల్సిన 7 విషయాలు

దోమలగూడలో ఒక ఇరుకు గల్లీ. గోడ పక్కన ఒక టీ బండి, దాని ముందు ఒక బెంచీ. మా షార్ట్ ఫిల్మ్‌లో మెయిన్ సీన్ మొత్తం అక్కడే. అశోక్ నగర్‌లో రూమ్ తీసుకుని గ్రూప్-2కి చదువుతున్న కొడుకు, వాడిని చూడ్డానికి ఊరి నుంచి వచ్చిన నాన్న. లిస్టులో తన నంబర్ లేదని కొడుక్కి తెలుసు. నాన్నకి ఇంకా తెలీదు. ఇద్దరూ టీ తాగుతారు. అంతే కథ.

నాన్న పాత్ర చేసింది మా ఫ్రెండ్ వాళ్ల నాన్నగారే. నల్గొండ నుంచి ఆదివారం పొద్దున వచ్చి, సాయంత్రం బస్సుకి వెళ్లిపోయారు. ఆయన చాలా బాగా చేశారు. రాత్రి ఎడిటింగ్‌కి కూర్చున్నాక అసలు విషయం తెలిసింది. షాట్లు విడివిడిగా సూపర్, పక్కపక్కన పెడితే అస్సలు అతకట్లేదు. నాన్న, కొడుకు ఒకరితో ఒకరు కాకుండా ఇద్దరూ అవతల ఉన్న మూడో మనిషితో మాట్లాడుతున్నట్టుంది. ఒక షాట్‌లో గ్లాసు నిండా టీ, తర్వాతి షాట్‌లో ఖాళీ, మళ్లీ నిండా. నాన్న మొహం ఒకసారి పసుపు, ఒకసారి నీలం.

ఫోన్ మంచిదే. తప్పు మాది. మీకు ఆ రాత్రి రాకూడదని ఈ ఆర్టికల్.

ఫోన్‌తో సినిమా సాధ్యమా అనే డౌట్ ఎప్పుడో తీరిపోయింది. షాన్ బేకర్ 2015లో వచ్చిన 'టాంజరిన్'ని ఐఫోన్ 5ఎస్‌తో తీశాడు. మన దగ్గర తరుణ్ భాస్కర్ 2016లో 'పెళ్ళి చూపులు' కంటే ముందు 'అనుకోకుండా', 'సైన్మా' లాంటి షార్ట్ ఫిల్మ్స్ తీసినవారే. ఇక మిగిలింది మనం నేర్చుకోవడమే.

1. ఊహా గీత దాటొద్దు

బెంచీ మీద కూర్చున్న ఇద్దరి మధ్య ఒక గీత ఊహించుకోండి. కెమెరా ఎప్పుడూ ఆ గీతకి ఒకే వైపు ఉండాలి. దీన్నే 180 డిగ్రీల రూల్ అంటారు. వైడ్ షాట్‌లో నాన్న ఎడమ పక్క, కొడుకు కుడి పక్క ఉన్నారనుకుందాం. అప్పుడు నాన్న క్లోజప్‌లో ఆయన చూపు కుడివైపుకి, కొడుకు క్లోజప్‌లో వాడి చూపు ఎడమవైపుకి ఉండాలి. చూపులు కలుస్తాయి.

మేం ఏం చేశామంటే, నాన్నని టీ బండి వైపు నుంచి తీసి, కొడుకు కోసం "ఇక్కడ బ్యాక్‌గ్రౌండ్ బాగుంది" అని అవతలి వైపుకి వెళ్లాం. దాంతో వాడూ కుడివైపే చూస్తున్నాడు. ఇద్దరూ ఒకే దిక్కు.

చిట్కా: షూటింగ్ మొదలయ్యే ముందు నేల మీద చాక్‌పీస్‌తో గీత గీసేయండి. నవ్వుకున్నా పర్లేదు, పని చేస్తుంది.

2. నడక దిశ మారొద్దు

కొడుకు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ నుంచి టీ బండి దాకా నడిచి వస్తాడు. మొదటి షాట్‌లో ఫ్రేమ్‌లో ఎడమ నుంచి కుడికి నడిస్తే, తర్వాతి షాట్లలోనూ అలాగే నడవాలి. మధ్యలో ఒక్క షాట్ కుడి నుంచి ఎడమకి వస్తే, ఏదో మర్చిపోయి వెనక్కి వెళ్తున్నాడని చూసేవాళ్లు అనుకుంటారు. దిశ మార్చక తప్పకపోతే మధ్యలో కెమెరాకి ఎదురుగా నడిచి వచ్చే షాట్ ఒకటి పెట్టండి.

3. కోణం మార్చితే గట్టిగా మార్చండి

ఒకే మనిషిని వరుసగా రెండు షాట్లలో చూపిస్తుంటే కెమెరా కనీసం 30 డిగ్రీలు పక్కకి జరగాలి, లేదా షాట్ సైజ్ స్పష్టంగా మారాలి. నడుము వరకు ఉన్న షాట్ నుంచి మొహం క్లోజప్‌కి వెళ్తే బాగుంటుంది. నిలబడ్డ చోటు నుంచే కొంచెం జూమ్ చేసి ఇంకో షాట్ తీస్తే, కట్ చేసినచోట మనిషి ఎగిరినట్టు అనిపిస్తుంది.

4. ఫోన్ సొంత తెలివిని ఆపేయండి

ఫోన్ కెమెరా ప్రతి క్షణం వెలుగు, రంగు, ఫోకస్ తనే మార్చేస్తుంటుంది. ఫోటోకి అది వరం, షార్ట్ ఫిల్మ్‌కి శాపం. వెనక తెల్ల చొక్కా వాళ్లెవరైనా వెళ్తే చాలు, నాన్న మొహం చీకటైపోతుంది.

- స్క్రీన్ మీద మొహాన్ని నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ అవుతాయి.
- వైట్ బ్యాలెన్స్ ఆటోలో వద్దు. పగటి వెలుగుకి సుమారు 5600 కెల్విన్ దగ్గర ఫిక్స్ చేసి, సీన్ అయ్యేదాకా ముట్టుకోవద్దు. మా పసుపు-నీలం గోల ఇక్కడిదే.
- సీన్ మొత్తం 1ఎక్స్ మెయిన్ లెన్స్‌తోనే తీయండి. దగ్గరి షాట్ కావాలంటే మీరే దగ్గరికి నడవండి. లెన్స్ మారితే రంగు, షార్ప్‌నెస్ రెండూ మారతాయి. దగ్గరికి వెళ్లినప్పుడు కొన్ని ఫోన్లు వాటంతటవే అల్ట్రావైడ్‌కి మారిపోతాయి, సెట్టింగ్స్‌లో దాన్ని ఆపండి.
- హెచ్‌డీఆర్ వీడియో ఆఫ్ చేయండి. ఒక్కో స్క్రీన్ మీద ఒక్కోలా కనిపిస్తుంది.

శాంసంగ్‌లో ప్రో వీడియో మోడ్‌తో ఇవన్నీ చేతిలోకి వస్తాయి. మీ ఫోన్‌లో మాన్యువల్ ఆప్షన్లు లేకపోతే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఫ్రీ. ఐఫోన్‌కి 2023లో, ఆండ్రాయిడ్‌కి 2024లో వచ్చింది. కాకపోతే అన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ పనిచేయదు, ముందే చెక్ చేసుకోండి.

5. ఫ్రేమ్ రేట్, షటర్

మన దేశంలో కరెంట్ 50 హెర్ట్జ్. అందుకే రూమ్‌లో ట్యూబ్‌లైట్ కింద తప్పు షటర్‌తో తీస్తే వీడియోలో నల్లటి చారలు పాకుతుంటాయి. సేఫ్ కాంబినేషన్: 25 ఫ్రేమ్స్, షటర్ 1/50. ఐఫోన్‌లో 25 కనిపించకపోతే రికార్డ్ వీడియో సెట్టింగ్స్‌లో పాల్ ఫార్మాట్స్ ఆన్ చేయండి. 30 ఫ్రేమ్స్ మాత్రమే ఉంటే షటర్ 1/50 లేదా 1/100 పెట్టుకోండి.

ఎండలో 1/50 పెడితే అంతా తెల్లగా కాలిపోతుంది. ఎన్‌డీ ఫిల్టర్ కొనాలి, లేదా ఉదయం, సాయంత్రం, గల్లీ నీడలో తీయాలి. స్టూడెంట్ బడ్జెట్‌కి రెండోదే బెటర్.

స్టోరేజ్ కూడా చూసుకోండి. ఐఫోన్‌లో హై ఎఫిషియెన్సీ ఫార్మాట్‌లో 4కే, 30 ఫ్రేమ్స్ అయితే నిమిషానికి సుమారు 170 ఎంబీ. గంటన్నర ఫుటేజ్ 15 జీబీ దాటుతుంది. 1080పి అయితే నిమిషానికి 60 ఎంబీ. మొదటి ఫిల్మ్‌కి 1080పి చాలు. ఫుటేజ్‌ని మామూలు వాట్సాప్ వీడియోలా పంపొద్దు, క్వాలిటీ పడిపోతుంది.

6. టీ గ్లాసుకో కాపలాదారు

టీమ్‌లో ఒకరి పని కంటిన్యుటీ మాత్రమే. కెమెరా పట్టుకున్నవాళ్లు, డైరెక్టర్ ఈ పని చేయొద్దు, మర్చిపోతారు. ప్రతి షాట్ ముందు, తర్వాత ఇంకో ఫోన్‌తో ఫోటో తీసి ఇవి చూసుకోవాలి:

- గ్లాసు ఏ చేతిలో ఉంది, టీ ఎంత వరకు ఉంది
- ఏ మాట దగ్గర గ్లాసు ఎత్తారు, ఏ మాట దగ్గర దించారు
- చొక్కా గుండీలు, చేతులు మడత, వాచీ, బ్యాగ్ ఏ భుజానికి
- వెనక పార్క్ చేసిన బండ్లు, నేల మీద నీడ

ఒక పనిని వైడ్‌లోనూ, క్లోజప్‌లోనూ మొదటి నుంచి చివరి దాకా పూర్తిగా చేయించండి. ఎడిటింగ్‌లో గ్లాసు పెదాల దాకా వెళ్తుండగా, అంటే కదలిక మధ్యలో కట్ చేస్తే కట్ కనబడదు.

షూటింగ్ వరుస కూడా ముఖ్యం. ముందు వైడ్, తర్వాత ఒకవైపు క్లోజప్‌లన్నీ, ఆ తర్వాత రెండోవైపువి. మాటిమాటికీ అటూ ఇటూ తిరిగితే ఈలోపు ఎండ మారిపోతుంది. త్వరగా వెళ్లాల్సినవాళ్ల షాట్లు ముందు.

7. సౌండ్ కూడా అతకాలి

'పెళ్ళి చూపులు'లో సింక్ సౌండ్ వాడారు. ఆ సహజత్వం మీకూ కావాలంటే బండి మీద రేడియో ముందు ఆపించండి. వెనక పాట మోగుతుంటే ప్రతి కట్‌లో పాట తెగుతుంది, పైగా కాపీరైట్ సమస్య. రెండో ఫోన్‌ని బెంచీ మీద, ఫ్రేమ్‌లో పడకుండా పెట్టి రికార్డ్ చేయండి. షాట్ మొదట్లో ఒక చప్పట్లు కొడితే తర్వాత సింక్ చేయడం ఈజీ. ఎవరూ మాట్లాడకుండా ఆ గల్లీ శబ్దం ఒక నిమిషం విడిగా తీసుకోండి. కట్‌ల కింద పరిస్తే అన్నీ ఒకే చోట జరిగినట్టుంటుంది. షూట్ చేసే ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉండాలి.

చాలా ఫోన్ల వీడియోలో ఫ్రేమ్ రేట్ స్థిరంగా ఉండదు. పోనుపోను మాట, పెదవి విడిపోతుంటే కారణం అదే. ఎడిటింగ్‌కి ముందు హ్యాండ్‌బ్రేక్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్‌కి మార్చుకోండి.

తప్పు జరిగిపోతే?

మమ్మల్ని కాపాడింది ఒకే ఒక్క షాట్. టేక్‌ల మధ్యలో ఊరికే తీసిన క్లోజప్. మొహాల్లేవు. నాన్న చెయ్యి మడతపెట్టిన నోట్లు కొడుకు జేబులో పెడుతుంది, కొడుకు చెయ్యి ఆపబోయి ఆగిపోతుంది. గీత దాటిన రెండు షాట్ల మధ్య దాన్ని పెట్టాం. సగం డైలాగులు తీసేశాం. సీన్ నిలబడింది. అందుకే ప్రతి సీన్‌లో చేతులు, గ్లాసు, చెప్పులు, గోడ లాంటి అదనపు షాట్లు ఐదారు తీసి పెట్టుకోండి. ఖర్చు లేదు, ప్రాణం పోస్తాయి.

ఫిల్మ్ పూర్తయ్యాక నాన్నగారికి లింక్ పంపాం. రెండుసార్లు చూశారట. కెమెరా గురించి గానీ తన నటన గురించి గానీ ఏమీ అనలేదు. ఫోన్ చేసి అడిగింది ఒక్కటే: "తర్వాతైనా ఆ పిల్లాడికి ఉద్యోగం వచ్చిందా?"

చూసేవాళ్లు గ్లాసులో టీ గురించి కాకుండా ఆ పిల్లాడి గురించి అడగాలంటే, గ్లాసులో టీ సంగతి షూటింగ్ రోజే మీరు చూసుకోవాలి.