మక్కబుట్టకు తొందర, కందగడ్డకు ఓపిక

ఏం చెల్లె, మీ దిక్కు వానలు పట్టినయా? మా నారాయణఖేడ్‌ల శ్రావణం రాంగనే రోడ్డు పక్కన బొగ్గుల కుంపట్లు లేస్తయి. బీదర్ దిక్కు పోయేటోళ్లు, నాందేడ్ దిక్కు పోయేటోళ్లు బండ్లు ఆపి, కాల్చిన మక్కబుట్టకు నిమ్మచెక్కతోని ఉప్పు కారం రుద్దించుకొని నిలబడే తింటరు. "ఇంట్ల గ్యాసు మీద కాలిస్తే ఆ రుచెందుకు రాదక్కా?" అని అడుగుతవు గదా! తప్పు గ్యాసుది సగమే. బుట్ట చేను విడిచి ఎన్ని గంటలైందో అది కూడా అడుగు.

మక్క తెంపినంక కూడా ఊకుండదు. గింజల చక్కెర పిండిగ మారుకుంట పోతది, ఎండ తగిలితే ఇంకా జల్ది. పొద్దున తెంపింది పొద్దుగూకకముందే కాల్చుకోవాలె. కొనేటప్పుడు గింజను గోరుతోని నొక్కు. పాలు చిమ్మితే మంచిది, నీళ్లొస్తే ఇంకా లేత, ముద్దగ ఉంటే ముదిరింది. ఆకు ఒలిచి కుప్ప పోసినవి చవకగ ఇచ్చినా వద్దు. స్వీట్ కార్న్ జాతి వేరు. దాంట్ల చక్కెర ఎక్కువ, పిండిగ మారుడు నిదానం. అందుకే ఫ్రిజ్‌ల పెట్టినా తియ్యగుంటది గానీ, ఆ చక్కెరకే నిప్పు మీద తొందరగ మాడుతది. దాన్ని ఆకుతోనే కాసేపు నీళ్లల్ల నానబెట్టి కాల్చు. నాకైతే నాటు మక్కనే ఇష్టం, పండ్లకు జర పని ఉండాలె!

మంట మీద పెట్టకు. నిప్పుల మీద తెల్లగ బూడిద కమ్మినంక పెట్టి, తిప్పుకుంట ఉండు. వాన పడుతుందని తలుపులేసి ఇంట్ల కుంపటి రాజేసేవు, జాగ్రత్త! బొగ్గుల నుంచి వచ్చే విషగాలికి వాసనుండదు, ప్రాణం తీస్తది. వాకిట్ల, గాలాడే జాగల పెట్టుకో.

కందగడ్డది ఉల్టా కథ. మా దిక్కు రత్నపురి గడ్డ అని కూడా అంటరు. శివరాత్రి ఒక్కపొద్దుకు ఉడకబెట్టేదే, కానీ కాల్చి తిని చూడు. గడ్డల పిండి, నిదానంగ వేడెక్కినప్పుడే చక్కెరైతది. సెగ ఎక్కువైతే ఆ పని ఆగిపోతది, పైన మాడి లోపల చప్పగుంటది. వేడి బూడిదల పూడ్చి, ముప్పావుగంట మర్చిపో. తవ్విన దినమే కాల్చాలన్న తొందర కూడ లేదు, కొన్ని దినాలు నిల్వ ఉన్న గడ్డనే ఇంకా తీపి.

వంకాయకు నాలుగు గాట్లు పెట్టి, పురుగు లేదని చూసి, నూనె రాసి కాల్చు. గాట్లు లేకుంటే పేలుతది. తొక్క నల్లగైనంక గిన్నె బోర్లిస్తే ఆవిరికి తొక్క దానంతటదే ఊడుతది. నల్లా కింద కడిగినవంటే ఆ పొగ రుచంతా మోరిల పోయినట్టే. అదే నిప్పుల మీద పచ్చిమిరపకాయలు, టమాటాలు, ఒక ఉల్లిగడ్డ కాల్చి, ఎల్లిపాయ, ఉప్పు, కొత్తిమీర వేసి ఆ వంకాయతోని కలిపి నూరు. జొన్నరొట్టెల తొక్కు అంటే అదే, ఇంకేం కూర అక్కర్లేదు.

చలికాలంల అయితే ఊచబియ్యం. యాసంగి జొన్న గింజ ఇంకా పచ్చిగ, మెత్తగ ఉన్నప్పుడు కంకులు తెంపి, పిడకల నిప్పుల్ల కాల్చి, అరచేతుల నలిపి, ఊదుకొని తినుడే. పక్కనున్న మహారాష్ట్రోళ్లు దీన్నే హుర్డా అంటరు, పట్నమోళ్లను తోటలకు పిలిచి పైసలు తీసుకొని తినిపిస్తరు. మనకేమో చేను గట్టు మీద ఉత్తగనే దొరికేది. ఇప్పుడు పత్తి, సోయాబీన్ వచ్చి జొన్న తగ్గింది గనుక, చుట్టాల చేను ఉంటే ముందే చెప్పి పెట్టుకో.

అన్నట్టు, గోరుకు ముద్దగ తగిలిన ముదురు బుట్టలున్నయా, వాటిని కాల్చకు. గింజలొలిచి పచ్చిమిరపకాయ, ఎల్లిపాయ, జీలకర్ర వేసి బరకగ రుబ్బి గారెలు చేసెయ్. చుక్క నీళ్లు పోసినా నూనె తాగుతయి, చెప్తున్న.