సంకల్పం రుజువు కానప్పుడు...

కర్మలు సంకల్పాల (నియ్యత్) మీదే ఆధారపడి ఉంటాయని దైవప్రవక్త (సల్లం) బోధించారు. అయితే గుండెలోని సంకల్పం అల్లాహ్‌కే తెలుసు. మరి న్యాయమూర్తి దాన్ని ఎలా తెలుసుకోవాలి?

పామర్రు పొలాల్లో కాలువ నీటి దగ్గర ఇద్దరు రైతులకు మాటా మాటా పెరిగిందనుకుందాం. ఒకడు గట్టు మీది కర్ర అందుకుని ఒక్క దెబ్బ కొట్టాడు. రెండోవాడు చనిపోయాడు. సెషన్స్ కోర్టు దాన్ని హత్యగా తేల్చి యావజ్జీవ శిక్ష వేసింది.

దివ్యఖుర్ఆన్ (4:92, 93) పొరపాటున జరిగిన హత్యను, కావాలని చేసిన హత్యను వేరు చేసింది. ఈ రెంటికీ నడుమ ధర్మశాస్త్రవేత్తలు 'షిబ్హె అమద్' అనే మూడో రకాన్ని గుర్తించారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) ఆయుధాన్నే సంకల్పానికి గుర్తుగా తీసుకున్నారు. ఆయన దృష్టిలో ఇలాంటి కర్ర దెబ్బకు ఖిసాస్ లేదు. రక్త పరిహారం (దియత్) ఉంది.

2006లో ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్ళిన ఒక అప్పీలులో సుప్రీంకోర్టు కూడా గుర్తులనే చూడమంది: ఆయుధం వెంట తెచ్చుకున్నదా, అక్కడే దొరికిందా? దెబ్బ ఎక్కడ, ఎంత బలంగా తగిలింది? పాత పగ ఉందా? చంపాలన్న ఉద్దేశం రుజువు కాకపోతే నేరం తగ్గవచ్చు, శిక్షా తగ్గవచ్చు. అందుకు 60 రోజుల్లోగా హైకోర్టుకు అప్పీలు చేసుకోవాలి. జైల్లో ఉన్నవారికి న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది.

కాబట్టి అప్పీలు చేయడం పాపం కాదు. కానీ అబద్ధంతో గెలిస్తే? వాదనా పటిమతో తన తీర్పు ద్వారా ఇతరుల హక్కు పొందినవాడు నిప్పు ముక్కనే పొందినట్లని దైవప్రవక్త (సల్లం) హెచ్చరించారు. శిక్ష తగ్గినా మృతుని పిల్లల కన్నీళ్ళు తగ్గవు. పశ్చాత్తాపం, వారి క్షమాపణ కోరడం మన మీద మిగిలే ఉంటాయి.